ఒత్తులు ఎవరివి? ధ్వనిశాస్త్రం వైపు నుంచి ఒక పరిశీలన

"భోజనం" అనే మాటని "బోజనం" అంటే అర్థం మారదు. ఆకలీ మారదు. పెట్టేవాళ్లకీ తినేవాళ్లకీ సంగతి తెలుస్తూనే ఉంటుంది. అయినా తెలుగునాట బడిలో, కాలేజీలో, ఇంటర్వ్యూ గదిలో, సభావేదిక మీద ఈ ఒక్క ఒత్తు దగ్గర మనిషి కులం, ఊరు, తల్లిదండ్రుల చదువు అన్నీ లెక్కకట్టేస్తారు. "నాలుక తిరగదు", "ఉచ్చారణ శుద్ధి లేదు", "మొద్దు నాలుక" అనే మాటలు మన పిల్లలు పలక పట్టిన రోజు నుంచీ వింటున్నవే. సినిమాల్లో పనిమనిషి చేత, తాగుబోతు చేత, పల్లెటూరి వాడి చేత ఒత్తులు తీసేసి మాట్లాడించడం ఇప్పటికీ హాస్యం కింద చెల్లుబాటవుతోంది.

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత సాహిత్యం మన వాడల మాటని అచ్చులోకి తెచ్చింది. పదాల గురించి, సామెతల గురించి, తిట్లలో దాగిన కులం గురించి చర్చ జరిగింది. ధ్వనుల గురించి మాత్రం తక్కువే జరిగింది. ధ్వనిశాస్త్రం అనగానే అదేదో పండితుల వ్యవహారం, మనకి అక్కర్లేనిది అనుకుంటాం. నా ఉద్దేశంలో మన ఉద్యమానికి అక్కరకొచ్చే సరుకు ఈ శాస్త్రంలో చాలా ఉంది. ఎందుకంటే ఇది "ఎలా పలకాలి" అని అడగదు. "ఎలా పలుకుతున్నారు" అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

ఒత్తు అంటే ఏమిటి?

బడిలో ఒత్తు అనే మాటని రెండిటికి వాడతారు. అక్షరం కింద రాసే జంట హల్లు ఒకటి, ఖ, ఘ, థ, ధ, భ లాంటి మహాప్రాణాలు రెండోది. ఇక్కడ మనం మాట్లాడేది రెండోదాని గురించి.

సన్నటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని "పలక" అనండి. కాగితం కదలీ కదలనట్టు ఉంటుంది. హిందీ మాతృభాషగా ఉన్నవాళ్లని "ఫల్" అనమనండి, కాగితం ఎగిరిపడుతుంది. ఇప్పుడు ఇంగ్లండు మనిషిని "పిన్" అనమనండి. అప్పుడూ ఎగురుతుంది. అదే మనిషి "స్పిన్" అంటే ఎగరదు. ఇంగ్లీషువాడి నోట్లో ఒత్తు ఉంది కానీ అది ఉన్నట్టు అతనికే తెలియదు. ఒత్తు ఉన్నా లేకపోయినా అతని భాషలో మాట అర్థం మారదు గనక. హిందీలో అలా కాదు. "పల్" అంటే క్షణం, "ఫల్" అంటే పండు. ఒకే గాలి, రెండు భాషల్లో రెండు హోదాలు. నోటి నుంచి వచ్చేది ధ్వని. ఆ ధ్వని తేడాతో అర్థం తేడా తెస్తే భాషాశాస్త్రంలో దాన్ని వర్ణం అంటారు. ఈ రెండిటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే సగం శాస్త్రం వచ్చినట్టే.

ఈ గాలిని కొలవొచ్చు కూడా. 1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ అనే ఇద్దరు పరిశోధకులు 11 భాషల్లో మాట మొదట్లో వచ్చే ప, బ వంటి స్పర్శాల్ని కొలిచారు. పెదాలో నాలుకో విడివడిన క్షణానికీ, గొంతులో నాదతంత్రులు కంపించడం మొదలైన క్షణానికీ మధ్య ఎంత సమయం ఉందన్నదే వాళ్ల కొలత. సెకండుని వెయ్యి ముక్కలు చేస్తే, తమిళుల "ప"కి సుమారు 12 ముక్కలు. హిందీ "ప"కి సుమారు 13, "ఫ"కి 70 దాకా. ఇంగ్లీషు "ప"కి 60కి దగ్గర. అంటే ఇంగ్లీషువాడి మామూలు "ప", మన ఒత్తులేని "ప" కన్నా హిందీ ఒత్తు "ఫ"కే దగ్గర. ఆ 11 భాషల్లో ఆరు రెండు తరగతులతోనే సరిపెట్టుకుంటాయి. తమిళం, డచ్చి, స్పానిష్, ఇంగ్లీషు అందులోనివే. కొరియన్, థాయ్, తూర్పు ఆర్మేనియన్‌లకి మూడు తరగతులు. నాలుగు తరగతులున్నవి హిందీ, మరాఠీ రెండే. ఆ కొలబద్ద కూడా బ-భల దగ్గర చేతులెత్తేసింది. భ పలికేటప్పుడు తంత్రులు కంపిస్తూనే కాస్త వదులై గాలిని జారవిడుస్తాయి. దాన్ని ఈ సమయం లెక్కతో పట్టుకోలేం.

వర్ణాల సంఖ్యని బట్టి భాషల గొప్పతనం కొలిచే అలవాటు ఒకటి మన పండితులకి ఉంది. యాభై అక్షరాల భాష అని చెప్పుకోవడం వినే ఉంటారు. 1984లో ఇయాన్ మాడీసన్ 317 భాషల ధ్వనుల్ని పోల్చి పుస్తకం వేశాడు. పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవిలో మాట్లాడే రొటోకాస్ భాష 11 వర్ణాలతో నడుస్తుంది. హవాయి భాషలో హల్లులు ఎనిమిదే. మరో చివర బోట్స్‌వానా, నమీబియాల్లో మాట్లాడే తా భాషకి నూరుకి పైగా వర్ణాలు. నాలుకతో చప్పరించినట్టు, చిటికె వేసినట్టు ఉండే ధ్వనులు అందులో డజన్లకొద్దీ ఉన్నాయి. అక్షరాల సంఖ్యే గొప్పతనమైతే కలహారి ఎడారిలో వేటాడి బతికినవాళ్లు జగద్గురువులు కావాలి. మన పండితులు ఒప్పుకుంటారా?

ముప్పై ఆరు

తెలుగు సంగతి చూద్దాం. ద్రావిడ భాషల మూలరూపాన్ని పునర్నిర్మించిన భాషాశాస్త్రజ్ఞులు ఆ మూలభాషలో మహాప్రాణాలు లేవని తేల్చారు. తమిళ లిపిలో వాటికి అక్షరాలే లేవు. ఇదేదో ఈ కాలపు ద్రావిడవాదులు కల్పించిన మాట కాదు. సాక్షాత్తూ చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకి 36 వర్ణాలని లెక్క చెప్పాడు. ఆ 36లో ఖ లేదు, ఘ లేదు, ఛ లేదు, ఝ లేదు. ఠ, ఢ, థ, ధ, ఫ, భ ఏవీ లేవు. శ లేదు, ష లేదు, స ఒక్కటే ఉంది. మిగిలినవన్నీ సంస్కృత పదాలతోపాటు వచ్చి చేరినవి.

ఇప్పుడు వాడలో అక్షరం రాని ముసలమ్మ మాటని దీని పక్కన పెట్టండి. "బోజనం", "దరమం", "సంకరయ్య", "సుక్కరారం", "బాద". ఆమె నోట్లో ఉన్నవి దాదాపుగా ఆ ముప్పై ఆరే. వ్యాకరణం అచ్చతెలుగు అని చెప్పిన వర్ణాలతోనే ఆమె అరువు మాటల్ని కూడా పలుకుతోంది. అప్పు తెచ్చుకున్న మాటని తన ఇంటి ధ్వనులతో పలకడం ప్రపంచంలో ప్రతి భాషా చేసే పనే. ఇంగ్లీషువాళ్లు "తిరువనంతపురం" పలకలేక "ట్రివేండ్రం" అంటే దాన్ని ఎవరూ నాలుక జబ్బు అనలేదు. రైల్వే బోర్డుల మీద రాసుకున్నాం.

మరో సంగతి. ఆ 36లో ౘ, ౙ అనే దంత్యాలున్నాయి. "చెట్టు"లో చ వేరు, "చలి"లో చ వేరు. తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యం, మిగతా చోట్ల దంత్యం. చీమ, చేప ఒక రకం. చుట్టం, చోటు, చదువు ఇంకో రకం. మా అమ్మ ఒక్క అక్షరం చదువుకోలేదు. ఈ నియమం ఆమె నోట ఎన్నడూ తప్పలేదు. నేను దీన్ని పుస్తకంలో సూత్రంగా చదవడానికి యూనివర్సిటీ దాకా రావలసి వచ్చింది. తెలుగువాళ్లందరి నోటా ఉన్న ఈ రెండు ధ్వనుల అక్షరాలు వాచకాల నుంచి మాయమయ్యాయి. ఎవరూ విడిగా పలకని ఙ, ఞలు మాత్రం వర్ణమాలలో కొలువుదీరి ఉన్నాయి. "వాడు వచ్చాడు" అనేటప్పుడు "చా"లో వినపడే అచ్చు, ఇంగ్లీషు "బ్యాంకు"లో ఉన్నలాంటిది, దానికైతే తెలుగులో అసలు అక్షరమే లేదు. మన నోట్లో ఉన్నదానికి అక్షరం లేదు, అక్షరం ఉన్నది మన నోట్లో లేదు. వర్ణమాల ఎవరి చెవితో తయారయిందో దీన్ని బట్టే తెలుస్తుంది.

ఏ తప్పు తప్పు?

ఒత్తులన్నీ అగ్రకులాల వాళ్లు శుద్ధంగా పలుకుతారనుకోవడం కూడా భ్రమే. "కథ"ని "కధ" అని, "అర్థం"ని "అర్ధం" అని పలకనివాళ్లు తెలుగులో అరుదు. సంస్కృతం లెక్కన అది తప్పే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. చదువుకున్నవాళ్లే ఈ తేడా చెరిపేశారు గనక దాన్ని తప్పని అనరు. "ఫలితం"ని ఈనాడు పెద్ద చదువుల వాళ్లు ఎలా పలుకుతున్నారో వినండి. పై పళ్లు కింది పెదవికి ఆనించి ఇంగ్లీషు "ఫ్యాన్"లో ధ్వని పెడుతున్నారు. సంస్కృతంలో ఆ ధ్వని లేనే లేదు. ఇంగ్లీషు వైపు జారితే నాగరికత, వాడ వైపు జారితే అనాగరికత! ఇక "నలభై", "ఎనభై" చూడండి. అవి నలుబది, ఎనుబది అనే తెలుగు మాటలు. వాటిలోకి ఒత్తు ఏ సంస్కృతం నుంచీ రాలేదు. అయినా అక్కడ ఒత్తు పెట్టి రాయడమే ఒప్పు అయింది.

ఇంకా గట్టి ఉదాహరణ ఒకటుంది. పాత తెలుగులో ప్రొద్దు, క్రొత్త, మ్రాను అనేవాళ్లు. మాట మొదట్లోని హల్లు తర్వాత ఉన్న రేఫ క్రమంగా పోయింది. పొద్దు, కొత్త, మాను అయ్యాయి. దీన్ని ధ్వని పరిణామం అంటారు, వ్యాసాలు రాస్తారు, పరీక్షల్లో ప్రశ్న ఇస్తారు. సరిగ్గా అదే సూత్రంతో "ప్రాణం" మన వాడల్లో "పానం" అయింది. "పానం బాగలేదు" అంటే మాత్రం పరిణామం కాదట, అపభ్రంశమట. ఒకే రేఫ, ఒకే చోటు, ఒకే పోవడం. పోగొట్టింది ఎవరన్నదొక్కటే తేడా.

పక్కనున్న కన్నడం దీన్ని ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్లి చూపిస్తుంది. తెలుగు "పాలు" పాత కన్నడంలోనూ "పాలు"నే. తర్వాతి శతాబ్దాల్లో అక్కడ మాట మొదటి ప, హగా మారి "హాలు" అయింది. పాత మైసూరు ప్రాంతపు పల్లెల్లో బ్రాహ్మణేతరుల నోట ఆ హ కూడా పోయి "ఆలు" అయింది. ప నుంచి హ, హ నుంచి శూన్యం. రెండూ ఒకే దిశలో పడ్డ అడుగులు. గాలిని అడ్డుకునే శ్రమ కాస్త కాస్త తగ్గుతూ వచ్చింది, అంతే. మొదటి అడుగు కన్నడ భాషా చరిత్ర అయింది. రెండో అడుగు చదువురానివాళ్ల మాట అయింది. "ఆలు" అన్నవాణ్ని చూసి నవ్వే "హాలు" పెద్దమనిషి ఒకప్పటి "పాలు" వాళ్ల చెవికి తనూ అంతేనని గుర్తుంచుకోవాలి కదా!

అన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. ళ-ల, ణ-నల సంగతి ఒత్తుల సంగతి లాంటిది కాదు. ళ తెలుగు సొంత వర్ణమే, 36లో ఉంది. కల్లు వేరు, కళ్లు వేరు. మనలో చాలామంది నోట ఈ తేడా పోయింది. అయితే తెలుగువాళ్లంతా కులభేదం లేకుండా ఇలాగే పోగొట్టుకున్న సొంత వర్ణం ఇంకోటుంది, బండి ఱ. దాని కోసం పండితులు ఎంతమంది కన్నీళ్లు పెట్టుకుంటున్నారు? సందర్భంలో పెట్టి చూస్తే "కల్లు కనపడట్లేదు" అన్న ముసలాయన తాటిచెట్టు గురించి అడుగుతున్నాడా, చత్వారం గురించి చెబుతున్నాడా అన్నది ఎవరికైనా తెలుస్తుంది.

శిక్ష

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా ఒప్పుకోవాలి. ధ్వనుల్ని శాస్త్రీయంగా గమనించడం ఈ దేశంలో చాలా పాతది. కంఠం, తాలువు, మూర్ధం, దంతం, పెదవి అంటూ నోటిలో స్థానాల్ని వరసగా గుర్తించి క చ ట త పలుగా అమర్చడం గొప్ప పరిశీలన. నాదం, శ్వాసం అన్న తేడా యూరపువాళ్లకి స్పష్టపడడానికి సంస్కృత గ్రంథాలు తోడ్పడ్డాయని బ్రిటిష్ భాషాశాస్త్రజ్ఞుడు డబ్ల్యు.ఎస్. అలెన్ 1953లో ప్రాచీన భారత ధ్వనిశాస్త్రం మీద రాసిన పుస్తకంలో చూపించాడు. 1886లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం తయారుచేసిన పట్టికలోనూ నోటి స్థానాల వరసే ఉంటుంది. ఆ సంఘం మొదలుపెట్టింది పండితులు కాదు, భాషలు నేర్పే బడిపంతుళ్లు. ఈ సంగతి మన టీచర్లు గుర్తుపెట్టుకోదగ్గది.

అయితే ఆ ప్రాచీన శాస్త్రం ఎందుకు పుట్టింది? వేదం పలకడంలో తప్పు రాకూడదని. వేదాంగాల్లో దాని పేరు "శిక్ష". తెలుగులో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. మనవరకూ రెండు అర్థాలూ ఒకటే అయ్యాయి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన లోహమో లక్కో పోయాలని, పలికితే నాలుక కోయాలని గౌతమ ధర్మసూత్రం విధించింది. శబ్దాన్ని అంత సూక్ష్మంగా గమనించిన చెవి ఇతరుల చెవుల్ని మూయమంది. అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకుంటే అస్పృశ్యుడని నేర్పలేదు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. అది ధర్మసూత్రాల కాలం కాదు, ఇరవయ్యో శతాబ్దపు బొంబాయి.

పతంజలి మహాభాష్యంలో ఒక కథ వస్తుంది. అసురులు యుద్ధంలో ర పలకవలసిన చోట ల పలికి ఓడిపోయారట. అందుకని బ్రాహ్మణుడు మ్లేచ్ఛంగా మాట్లాడకూడదట. ఈ కథ చదివాక అశోకుడి శాసనాలు చూడండి. తూర్పు ప్రాంతపు శాసనాల్లో "రాజా" అన్న మాట "లాజా" అని ఉంటుంది. మగధ వైపు మాటలో ర లేదు, ల ఉంది. ఉపఖండంలో అత్యధిక భాగాన్ని ఏలిన చక్రవర్తి తన బిరుదుని "అసురుల" ఉచ్చారణలోనే రాతి మీద చెక్కించుకున్నాడు. ఏ యుద్ధంలోనూ ఆ ల వల్ల ఓడిపోలేదు. బౌద్ధుల పాలీలో శ, ష లేవు, స ఒక్కటే. శ్రమణుడు అక్కడ "సమణ". వినయపిటకంలో ఒక సంగతి ఉంది. బ్రాహ్మణ పుట్టుక పుట్టిన ఇద్దరు భిక్షువులు బుద్ధవచనాన్ని ఎవరి మాటలో వాళ్లు చెప్పి పాడుచేస్తున్నారని, దాన్ని ఛందస్సులోకి మారుద్దామని అడిగారు. బుద్ధుడు ఒప్పుకోలేదు. ఆయన ఆ సందర్భంలో అన్న మాటకి వ్యాఖ్యాతలు వేరువేరు అర్థాలు చెప్పారు గానీ, ఛందస్సు వద్దన్న సంగతి మీద వాదం లేదు.

స దగ్గర మనిషిని పట్టుకోవడం మన దేశానికే పరిమితం కాదు. బైబిలు చదివేవాళ్లకి న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం గుర్తుండే ఉంటుంది. యొర్దాను రేవు దగ్గర గిలాదు వాళ్లు కాపుకాసి, దాటడానికి వచ్చినవాళ్ల చేత "షిబ్బోలెతు" అనిపించారు. "సిబ్బోలెతు" అన్నవాడు ఎఫ్రాయీమువాడని తెలిసిపోయేది. అక్కడికక్కడే చంపేశారు. చచ్చినవాళ్లు 42,000 అని ఆ గ్రంథం లెక్క. ష పలకని నాలుకకి అది పరీక్ష. మన దగ్గర చంపరు, నవ్వుతారు.

ధ్వనికి స్వతహాగా హోదా లేదనడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేట రుజువు విలియం లబోవ్ న్యూయార్క్‌లో చేసిన పని. 1962లో అతను మూడు పెద్ద బట్టల దుకాణాలకి వెళ్లాడు. ఒకటి ధనవంతులది, ఒకటి మధ్యతరగతిది, ఒకటి పేదలది. నాలుగో అంతస్తులో ఉన్నదేదో ముందే తెలుసుకుని, అది ఎక్కడ ఉందని పనివాళ్లని అడిగాడు. జవాబుగా వచ్చే ఇంగ్లీషు మాటల్లో, "ఫోర్త్ ఫ్లోర్"లో, రెండు రేఫలున్నాయి. 264 మంది జవాబులు రాసుకున్నాడు. కనీసం ఒక రేఫనైనా పలికినవాళ్లు ధనవంతుల దుకాణంలో 62 శాతం, మధ్యదానిలో 51, పేదల దానిలో 20. కాబట్టి న్యూయార్క్‌లో రేఫ పలకడం గొప్ప. ఇదే ఇంగ్లీషు, సముద్రం దాటి ఇంగ్లండుకి వెళ్తే తలకిందులు. అక్కడి దొరల ఉచ్చారణలో అచ్చు తర్వాత రేఫ పలకరు. పలికేవాళ్లు నైరుతి జిల్లాల పల్లెటూరి రైతులు, వాళ్లని చూసి నవ్వుతారు. ఒకే రేఫ ఒక దేశంలో సూటు వేసుకుంది, ఇంకో దేశంలో పేడకాళ్లతో తిరుగుతోంది.

నాలుక ఎవరితో నడుస్తుంది?

మరి ఒక ఊళ్లోనే, ఒక పొలంలోనే కలిసి పనిచేసేవాళ్ల మాటలో ఈ తేడాలు ఎందుకు నిలబడ్డాయి? 1950ల్లో జాన్ గంపర్జ్ ఉత్తరప్రదేశ్ పడమటి భాగంలో ఒక ఊరు తీసుకుని, దానికి ఖలాపూర్ అని పేరు పెట్టి, అక్కడి కులాల మాట తీరుని రాశాడు. 1958లో ఆ వ్యాసం అచ్చయింది. ఊళ్లో చాలా కులాల ఉచ్చారణ దాదాపు ఒకటే. విడిగా ఉన్నది అంటరాని కులాలదే. చమార్లు, చెప్పులు కుట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు పొద్దస్తమానం ఇతర కులాలవాళ్ల పొలాల్లో, ఇళ్లలో పనిచేస్తారు, రోజంతా వాళ్ల మాట వింటారు. అయినా మాట కలవలేదు. పనిలో ఎంతసేపు కలిసి ఉన్నారన్నది కాదు లెక్క, సాయంత్రం ఎవరి అరుగు మీద ఎవరు కూర్చుంటారు, పిల్లలు ఎవరితో ఆడతారు అన్నదే లెక్క అని గంపర్జ్ తేల్చాడు. నాలుక పనిని బట్టి నడవదు, స్నేహాన్ని బట్టి నడుస్తుంది. అంటే మన మాటలో వినపడే తేడా మన నోటి లోపం కాదు, ఊరు వాడని దూరం పెట్టిన కొలత. ఆ దూరాన్ని సృష్టించినవాళ్లే దాని గుర్తుని చూసి నవ్వుతున్నారు.

"పుట్టుకతో వచ్చిన నాలుక" అనే మాటకి కూడా శాస్త్రం దగ్గర జవాబుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసిన ప్రయోగం 1984లో అచ్చయింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకి హిందీలోని త, ట ధ్వనులు వినిపించారు. ఇంగ్లీషు పెద్దవాళ్లకి ఆ రెండిటి తేడా సరిగా వినపడదు. 6-8 నెలల పిల్లలు మాత్రం తేడా పట్టేశారు. అక్కడి ఆదివాసీ భాష ఒకదానిలోని గొంతు ధ్వనుల తేడా కూడా పట్టేశారు. 10-12 నెలలకి వచ్చేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. హిందీ ఇళ్లలో పిల్లలకి త-టల తేడా అలాగే నిలిచింది. ఏ కులంలో పుట్టిన బిడ్డయినా ప్రపంచ భాషలన్నిటికీ సిద్ధమైన చెవితోనే వస్తుంది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ల మాట దాన్ని మలుస్తుంది. మాదిగవాడలో పుట్టిన ఆరు నెలల పాపకి భ-బల తేడా వినపడదని చెప్పగలిగే పరీక్ష ఎవరూ చేయలేదు, చేసినా అలా తేలదు.

గిడుగు రామమూర్తిని ఇక్కడ తలుచుకోవాలి. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే ఆయన మనకి తెలుసు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకున్నాడు. అది తెలుగుతో సంబంధం లేని ముండా కుటుంబపు భాష. గొంతుని ఒక్క క్షణం మూసి తెరిచే ధ్వని అందులో ఉంది, దానికి తెలుగులో అక్షరం లేదు. ఆయన ధ్వనిలిపి వాడి 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. తన అక్షరాలు చాలవని గ్రహించి, ఎదుటివాళ్ల నోటికి తగ్గ గుర్తులు వెతుక్కోవడం పెద్ద మనసు. 1936లో మాంగే గొమాంగో సవరల కోసం వేరే లిపినే రూపొందించాడు, అది సవరల లోపలి నుంచి వచ్చింది. కానీ తెలుగు దగ్గరకి వచ్చేసరికి వ్యావహారికోద్యమం "శిష్ట వ్యావహారికం" దగ్గర ఆగింది. గ్రాంథికం పోయి మాటలాడే భాష వచ్చింది, ఎవరు మాటలాడే భాష అన్న ప్రశ్నకి జవాబు "శిష్టులు" అయింది. కోస్తా జిల్లాల చదువుకున్న కులాల మాట పుస్తకాలకి, రేడియోకి, పత్రికలకి ప్రమాణమైంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర దీన్ని ప్రాంతం వైపు నుంచి ప్రశ్నించాయి. కులం వైపు నుంచి ప్రశ్నించే పని మనది.

మన రచయితలకి కూడా ఒక మాట చెప్పాలి. కథలో కథకుడు "ప్రాణం" అని రాస్తాడు, మాల ఎల్లయ్య "పానం" అంటాడు. అదే కథలో దొర "భోజనం" అంటాడు. నిజానికి చదువుకోని రెడ్డి, కమ్మ రైతు నోట కూడా వినిపించేది "బోజనమే". ఒత్తు తీసేయడం మన పాత్రలకి మాత్రమే చేస్తే, ఎంత ప్రేమతో చేసినా, అది సినిమావాళ్ల పనికి పెద్ద దూరం కాదు.

బళ్లలో ఏం చేయాలన్న దాని మీద మన మధ్యే రెండు అభిప్రాయాలున్నాయి. ఒత్తులు అసలు నేర్పొద్దని కొందరు. ఉద్యోగాల పరీక్షలో మార్కులు పోతే వచ్చి ఇచ్చేదెవరని కొందరు. నేను రెండోవాళ్ల వైపే. రాత నేర్చుకోవాలి, ఒక్క ఒత్తు కూడా వదలకుండా. కాకపోతే రాతని రాతగా నేర్పాలి. ఇంగ్లీషులో "నైఫ్" రాసేటప్పుడు ముందు ఒక కె అక్షరం రాస్తాం, ఎవరూ పలకం. దాన్ని గుర్తుపెట్టుకుంటాం, అంతే. అది పలకనందుకు పిల్లవాణ్ని నిలబెట్టి నవ్వరు. తెలుగు ఒత్తులకీ అదే పద్ధతి చాలు. భుజించు, భోజనం, విభోజనం అంటూ లేనిపోని మాటలు పోగేయకుండా, పిల్లలు నిజంగా రాసే రెండు మూడు వందల మాటల్ని కుటుంబాలుగా చేసి చూపితే సరిపోతుంది. ఇప్పుడు జరుగుతున్నది వేరు. డిక్టేషన్ చెప్పే టీచరు తనే "కధ" అని పలుకుతాడు, పిల్లవాడు విన్నది విన్నట్టు "కధ" అని రాస్తాడు, ఎర్ర సిరాతో సున్నా పడుతుంది. ఆ పిల్లవాడి చెవి నూటికి నూరుపాళ్లూ పనిచేసింది. నేను చదివిన ఒకచోట సెమినార్‌లో "బావజాలం" అన్నందుకు ఒక అధ్యాపకుడు నన్ను మూడుసార్లు ఆ మాట తిరిగి చెప్పించాడు. మూడోసారి ఒత్తు వచ్చింది, చెప్పాలనుకున్న విషయం పోయింది. ఇలాంటివి ఎంతమంది నోళ్లు మూయించాయో లెక్క ఎవరి దగ్గరా లేదు.

విద్యార్థులు ఈ సెలవుల్లోనే చేయదగ్గ పని ఒకటుంది. ఇవాళ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, గొంతు రికార్డు చేయడానికి అవి చాలు. వాడలో ముసలివాళ్ల దగ్గర, ఊళ్లో ఇతర కులాల ముసలివాళ్ల దగ్గర ఒకే ముప్పై నలభై మాటలు పలికించి దాచండి. చదివించొద్దు. చదివిస్తే బడి నాలుక వస్తుంది. జాగ్రత్తగా చదివేటప్పుడు మనిషి ఉచ్చారణ మారిపోతుందని లబోవ్ న్యూయార్క్‌లోనూ చూశాడు. వస్తువు చూపించి అడగండి, పండగల గురించి, కూలి గురించి, జబ్బుల గురించి మాట్లాడించండి. శుక్రవారం, ప్రాణం, వీపు, వెంకటేశు, నీళ్లు, కథ, ధర, నలభై తప్పకుండా వచ్చేలా చూడండి. మనిషి పేరు రాయకుండా వయసు, కులం, చదువు, ఊరు రాసుకోండి. మాట అడిగేముందు ఎందుకు అడుగుతున్నారో వాళ్లకి చెప్పండి, రికార్డు చేసింది వాళ్లకి వినిపించండి. అగ్రకులాల ఇళ్లలో ముసలివాళ్ల మాట తప్పనిసరిగా తీసుకోవాలి, అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. వీళ్లు నలభైని ఎలా పలుకుతున్నారు, వాళ్లు కథని ఎలా పలుకుతున్నారు అన్నది పక్కపక్కన పెట్టి వినాలి.